మా అమ్మ గడ్డం పైకెత్తిన సంగతి

పియెత్రామారా, సిసిలీ
మార్చి మొదటి వారము

విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల ప్రాంతీయ అధికారి గారికి,
పలెర్మో.

అర్జీదారు: గాస్పరె బుతెరా, వయస్సు నలభై ఎనిమిది, మాధ్యమిక పాఠశాల అటెండరు, వాణిజ్య డిప్లొమా (రాత్రి పాఠశాల) ఉత్తీర్ణుడు.

విషయం: మా తల్లి శ్రీమతి నున్సియా ప్రెస్తీ గారి ఇంటి విద్యుత్ సరఫరా ఆమె సమ్మతి లేకయే వేరొక కంపెనీకి మార్చబడుట, తత్కారణమున ప్రాణవాయు యంత్రపు రాయితీ రద్దగుట, ఈ నెలాఖరున సరఫరాను పూర్తిగా నిలిపివేయుదుమని నోటీసు వచ్చుట – నిలుపుదల కోరుట గురించి.

అయ్యా,

ఈ అర్జీని నేను వకీలు చేత వ్రాయించలేదు. నలభై దాటిన తరువాత రాత్రి పాఠశాలలో చేరి, పగలు ఏ బల్లలను తుడిచెదనో సాయంత్రము ఆ బల్లల వద్దనే కూర్చుండి డిప్లొమా సంపాదించినవాడను. అధికార లేఖనము బోధించిన మా అధ్యాపకుని ఉపదేశము ప్రకారము అంశములను వరుస సంఖ్యలతో, స్వంత బాధను జోడించక, తమకు నివేదించుచున్నాను. ఎక్కడైనా బాధ చేరినచో అది నా లోపమే కాని మా అధ్యాపకునిది కాదు.

1. మా తల్లి డెబ్బది తొమ్మిదేండ్ల వితంతువు. యౌవనమున బాదం పెంకులు మండించు రొట్టెల పొయ్యి ముందు చాలాకాలము పనిచేసినందున ఊపిరితిత్తులు చెడినవి. వైద్యుల ఆదేశముపై ఆమె మంచము ప్రక్కన ఒక యంత్రము అమర్చబడినది. అది గదిలోని గాలి నుండి ప్రాణవాయువును వేరుచేసి సన్నని గొట్టము ద్వారా ముక్కునకు అందించును. అది రాత్రింబవళ్ళు నడవవలెను. అది కరెంటుతో నడచును. ఈ అర్జీ సారాంశము ఆ చివరి రెండు వాక్యములే. తక్కినది వివరణ.

2. పాత కంపెనీ వారి వద్ద మా ఇంటికి రెండు రక్షణలు ఉండెడివి. ఒకటి, ఇంట వైద్య యంత్రము ఉన్నందున బిల్లులో రాయితీ. రెండు, ఏ కారణముచేతను కరెంటు తీయరాని ఇండ్ల పట్టికలో మా అమ్మ పేరు. ఈ రెండును మనుషులు నివసించు ఇండ్లకు మాత్రమే వర్తించును. ఆ షరతు న్యాయమైనదే. యంత్రము ఊపిరి ఇచ్చుటకు ఇంట ఒక మనిషి ఉండవలెను గదా.

3. తమరు ఉత్తరాది నుండి ఇటీవలే బదిలీపై వచ్చినారని తెలిసినది. కనుక మా ప్రాంతపు ఆచారమొకటి తమకు విన్నవింపక తప్పదు. మా వైపు పెద్దలు 'కాదు', 'వద్దు' అను మాటలను నోటితో పలుకరు. ఎదుటివాని ముఖముపై తలుపు మూసినట్లుండునని వారి అభిప్రాయము. గడ్డమును కొద్దిగా పైకెత్తి, నాలుకను అంగిటికి తాటించి 'ట్చ్' అని చిన్న చప్పుడు చేయుదురు. అంతటితో సంగతి ముగిసినట్లే. మా నాన్న మొదటిసారి పెండ్లికి అడిగినప్పుడు మా అమ్మ ఇచ్చిన సమాధానము అదియే. ఆయనకు సంతకము చేయుట కూడ రాదు. అయినను అర్థమైనది. మరుసటి సంవత్సరము బాదం పూత వచ్చువరకు మరల అడుగలేదు.

4. గత అక్టోబరులో, నేను పాఠశాలలో ఉన్న సమయమున, కొత్త కంపెనీ వారి తరఫున ఒక అమ్మాయి మా అమ్మకు ఫోను చేసినది. (కంపెనీ పేరు జతపరచిన నోటీసుపై కలదు. నా కలముతో వ్రాయదలచుకొనలేదు.) ఆ సంభాషణను కంపెనీ వారే రికార్డు చేసి, దానినే ఒప్పందముగా పరిగణించినారు. నేను నగరములోని వారి కౌంటరుకు పోయి, చెవులకు యంత్రము తగిలించుకొని, మూడు పర్యాయములు విని, వ్రాసికొన్నది ఇది:

"నున్సియా ప్రెస్తీ గారేనా మాట్లాడేది?"

"అవును. ఎవరమ్మా నువ్వు?"

"మీ కరెంటు బిల్లు తగ్గించేదాన్ని మామ్మగారూ! మీ పేరు మీద మంచి రాయితీ వచ్చింది. మీ పాత కంపెనీ వాళ్ళు మిమ్మల్ని ఎంత దోచేస్తున్నారో తెలుసా?"

"దోచనివాళ్ళు ఎవరున్నార్లే తల్లీ. భోంచేశావా? గొంతు పీలగా ఉంది."

"ఆ... చేశాలెండి. మరి ఈ రాయితీ తీసుకుంటారా మామ్మగారూ?"

ట్చ్.

"హలో? తీసుకుంటారా?"

ట్చ్.

"లైన్లో ఏదో చప్పుడొస్తోంది. సరేలెండి. ఈ ఇల్లు మీరు కాపురముంటున్న ఇల్లేనా?"

ట్చ్.

"కాదా? సరే, కాపురం లేదు అని వేస్తున్నా. ఇప్పుడు కొత్త ఒప్పందం మొదలుపెడుతున్నాను. ఏమైనా అభ్యంతరం ఉంటే చెప్పండి."

ఇక్కడ కొంతసేపు ఊపిరి యంత్రపు శబ్దము మాత్రమే వినబడును.

"థాంక్సండీ మామ్మగారూ."

"పోయి ఏమన్నా తిను తల్లీ. ఖాళీ కడుపుతో అబద్ధాలాడకూడదు."

రికార్డు ఇంతటితో సమాప్తము. కంపెనీ వారు నాకు వ్రాసిన జవాబులో 'ఖాతాదారు ఆరంభముననే అవునని పలికినారు, తరువాత ఎట్టి అభ్యంతరమును తెలుపలేదు, సంభాషణ స్నేహపూర్వకముగా ముగిసినది' అని కలదు. అయ్యా, మా అమ్మ అవునన్నది తన పేరు తనదే అన్నందుకు. ఆ తరువాత మూడుసార్లు వద్దన్నది. మొదటి రెండింటిని వారు లైనులోని చప్పుడుగా భావించినారు. మూడవదానిని మాత్రము 'కాదు' అని సరిగ్గా అర్థము చేసికొన్నారు. మా అమ్మను ఆమె ఇంటి నుండి తీసివేసినది ఆ మూడవదే.

5. కౌంటరులోని యువకుని నేను మర్యాదగానే అడిగినాను.

"బాబూ, మా అమ్మ ఒప్పుకోలేదని నీకు వినపడింది కదా?"

"మీ అమ్మగారు కాదు అని ఎక్కడా అనలేదండీ. కావాలంటే ఇంకోసారి పెడతాను."

"నీది ఏ ఊరు?"

"కల్తనిస్సెత్తా పక్కనండీ."

"మీ నాన్నమ్మ ఉందా?"

"ఉందండీ."

"అయితే నీకు అర్థమైంది."

అతడు నావైపు చూచినాడు. తన చెవుల మీది యంత్రమును తడిమి చూచుకొన్నాడు. పిదప ఏదైనా చేయగలవా అని నేను అడుగగా గడ్డము కొంచెము పైకెత్తినాడు. చప్పుడు మాత్రము చేయలేదు. అక్కడ కూడ రికార్డు అగుచుండును గాబోలు.

6. ఈ విధముగా కంపెనీ వారి పుస్తకములలో మా ఇల్లు మనుషులు లేని ఇల్లైనది. మనుషులు లేరు గనుక యంత్రము లేదు, యంత్రము లేదు గనుక రాయితీ లేదు, కరెంటు తీయరాని ఇండ్ల పట్టికలో పేరు లేదు. బిల్లు మాత్రము కలదు. ఖాళీ ఇంట ఇంత కరెంటు ఎవరు వాడుచున్నారని వారికి ఒక్కసారియైనను అనుమానము రాలేదు. నేను పాత లెక్క ప్రకారము న్యాయమైనది చెల్లించి, మిగిలినది చెల్లించనని వ్రాతపూర్వకముగా తెలిపినాను. ఆ సాయంత్రము మా పొరుగింటి తూరిద్దా పిన్ని వచ్చి, జరిగిన మాటలివి:

"ఒరేయ్ డిప్లొమా, కట్టి పారెయ్‌రా. పోట్లాట తర్వాత పెట్టుకో."

"కడితే ఒప్పుకున్నట్టవుతుంది పిన్నీ."

"ఊపిరాడక పోతే ఒప్పుకోనట్టవుతుందా?"

మంచము మీది నుండి మా అమ్మ, "నేను అనని మాటకి వాడెందుకు కట్టాలే తూరిద్దా? వాడు కడితే నేను అన్నట్టే. డెబ్బై తొమ్మిదేళ్ళు నా మాట నాదే. ఇప్పుడు ఫోనుకి అమ్ముకుంటానా?" అన్నది.

"అమ్ముకోవద్దులే తల్లీ. నీ మాటని పళ్ళెంలో పెట్టుకుని పూజ చెయ్యి. కొడుకూ నువ్వూ ఒక్క పొయ్యిలో కాలిన రొట్టెలే."

7. జనవరిలో కంపెనీ వారు దూరము నుండియే మీటరును బిగించి సరఫరాను కుదించినారు. దానివలన యంత్రము, ఒక దీపము నడచును. ఫ్రిజ్ మోటారు కూడ తిరిగినచో మీటరు మీట పడిపోయి కరెంటు పోవును, దానిని చేతితో మరల ఎత్తవలెను. మీటరు క్రింద వీధి తలుపు ప్రక్కన ఉన్నది. మా అమ్మ మంచము పై అంతస్తులో ఉన్నది. ఒక మధ్యాహ్నము పాఠశాల నుండి వచ్చుచుండగా యంత్రపు హెచ్చరిక కూత నాకు వీధి మలుపులోనే వినబడినది.

నేను పరుగెత్తాను. ఇరుకు మెట్ల మధ్యలో అమ్మ కూర్చొని ఉంది. మీటరు మీట తానే ఎత్తుదామని బయలుదేరి, కిందికి దిగలేక, పైకి ఎక్కలేక ఆగిపోయింది. పెదవులు నల్లద్రాక్ష రంగుకు తిరిగాయి. పక్కన తూరిద్దా పిన్ని, వైద్యులు అత్యవసరానికి ఇచ్చిన చిన్న ప్రాణవాయు సిలిండరును ఒళ్ళో పెట్టుకుని, గొట్టం అమ్మ ముక్కుకు పట్టుకుని, ఆపకుండా తిడుతోంది. "దిగేదానికి తొందరేమొచ్చిందే? కింద పెళ్ళికొడుకు కూర్చున్నాడా?" అమ్మ నన్ను చూసి, ఒక్కొక్క మాటకూ ఊపిరి తీసుకుంటూ, "ఏం... కాలేదు. నీ... రాత్రి బడి... మొహం పెట్టకు" అంది.

పై పేరాలో భాష నియమము తప్పినది. మన్నించవలెను. తిరిగి వ్రాయుటకు ప్రయత్నించితిని. కుదరలేదు.

8. అప్పటి నుండి ఫ్రిజ్ తీగ ఊడదీసి, పాలు, జున్ను బాల్కనీలో పెట్టుకొనుచున్నాము. చలికాలము గనుక ఇంతవరకు చెల్లినది. ఆ సంఘటన మరునాడే నేను మొత్తము చెల్లించుటకు కౌంటరుకు పోయితిని. నా పంతము నాకు ముఖ్యమే గాని మా అమ్మ కంటె కాదు. డబ్బు తీసికొనుటకు వారు సిద్ధమే. అయితే మీటరు బిగింపు సడలించవలెనన్నచో ఒక కాగితముపై సంతకము చేయవలెనన్నారు. ఆ కాగితములో 'పై చిరునామాలోని ఇంట ఎవరును నివసించుట లేదని, ఒప్పందములోని వివరములన్నియు సత్యమని ధ్రువీకరించుచున్నాను' అని కలదు. కలము చేతబట్టితిని. సంతకములో మొదటి అక్షరము కూడ వ్రాసితిని. అక్కడ ఆగిపోయితిని. కౌంటరు అవతల నిలువుటద్దములో నా ముఖము కనబడినది, ఇంట కూర్చొని నా రాకకు ఎదురుచూచుచున్న మనిషి లేదని వ్రాయబోవువాని ముఖము. కలము వారికి ఇచ్చివేసి, డబ్బు కట్టకనే వచ్చితిని.

9. పాత కంపెనీకి తిరిగి పోవుదమని ప్రయత్నించితిని. వారు సంతోషముగా చేర్చుకొందుమన్నారు. ఖాతాదారు ఫోనులో 'అవును' అని స్పష్టముగా పలికినచో చాలును, రికార్డు చేసికొందుమన్నారు. మా అమ్మ ఫోను వైపు చూచి ముఖము గోడవైపు త్రిప్పుకొన్నది. అప్పుడు తమ కార్యాలయమునకు మొదటి ఫిర్యాదు పంపితిని. క్రింద మా అమ్మ సంతకమున్నది. అయినను నిర్ధారణ నిమిత్తము తమ కార్యాలయము నుండి ఒక ఉద్యోగిని ఫోను చేసినారు.

"నున్సియా ప్రెస్తీ గారా అండీ?"

మా అమ్మ పలుకలేదు.

"ఈ ఫిర్యాదు మీ ఇష్టంతోనే ఇచ్చారా? అవునో కాదో చెప్పండి చాలు."

మా అమ్మ పెదవులు బిగించినది. నేను ప్రక్కనుండి, "చెప్పమ్మా. వీళ్ళు మంచివాళ్ళే" అంటిని. ఆమె ఫోనును అరచేత మూసి, "ఆ పిల్ల కూడా మంచిదే. భోంచేశావా అంటే గొంతు వణికింది. అవును అంటే ఏం రాసుకుంటారో మనకేం తెలుసురా?" అన్నది. తరువాత పది రోజులకు తమ కార్యాలయము నుండి వచ్చిన ఉత్తరములో 'ఖాతాదారు మౌనము వహించినందున సమ్మతి లేదని భావించి ఫిర్యాదును ముగించడమైనది' అని కలదు.

10. అయ్యా, ఇక్కడ అర్జీదారుడు తమతో ఒక చిన్న తర్కము చేయుటకు అనుమతి వేడుచున్నాడు. మౌనము అర్ధాంగీకారమని పెద్దల మాట. అర్ధము మాత్రమే. ఆ మౌనమును కంపెనీ వారు పూర్తి అంగీకారముగా తీసికొన్నారు. తమ కార్యాలయము వారు పూర్తి నిరాకరణగా తీసికొన్నారు. మనిషి ఒకటే, నోరు ఒకటే, మౌనము ఒకటే. మౌనము అంగీకారమే అయినచో నా ఫిర్యాదు చెల్లును, దానిని విచారింపవలెను. మౌనము నిరాకరణ అయినచో కంపెనీ వారి ఒప్పందము పుట్టనేలేదు, దానిని కొట్టివేయవలెను. రెండింటిలో తమరు ఏది నిర్ణయించినను నాకు సమ్మతమే. రెండును మా అమ్మకు వ్యతిరేకముగానే పనిచేయుట మాత్రము ఏ తర్కశాస్త్రమునను లేదు. అది నేను చదివినాను. అందులో నాకు మంచి మార్కులు వచ్చినవి.

11. ఇది ఫిర్యాదు కాదు. దీనికి సంఖ్య వేయవలెనో లేదో కూడ తెలియదు. అక్టోబరు నుండి మా అమ్మ 'అవును' అను మాటను మానివేసినది. కాఫీ కావాలా అంటే గిన్నె ముందుకు జరుపును. తూరిద్దా పిన్ని "చలిగా ఉందా?" అంటే శాలువా లాగికొనును. మొన్న వైద్యుడు వచ్చి "రాత్రిళ్ళు ఛాతీ పట్టేస్తోందా అమ్మా?" అని అడిగినాడు. ఆమె ఆయనను చూచినది, బల్లమీద ఉన్న ఆయన ఫోనును చూచినది, మాటాడలేదు. ఆయన ఏమీ లేదని అనుకొని మందు మార్చకుండ పోయినాడు. ఛాతీ పట్టుచున్నది. ప్రక్క గదిలో పడుకొనువాడను గనుక నాకు తెలియును. ఒక మనిషికి వద్దనుటకు నోరు లేదని నిరూపించినారు. ఆ మనిషి ఔననుటను కూడ మానుకొన్నది. ఇక ఆమె వద్ద మిగిలినది ఏ మాట?

కావున తమను ప్రార్థించునది:

(క) ఈ నెలాఖరున సరఫరా నిలిపివేయకుండ కంపెనీ వారికి తక్షణ ఆదేశము ఇయ్యవలెను.

(ఖ) మా ఇంట మా అమ్మ నివసించుచున్నదని నమోదు చేయించి, రాయితీని, పట్టికలో పేరును పునరుద్ధరించి, మమ్ములను పాత కంపెనీకే తిరిగి చేర్పించవలెను.

(గ) నిర్ధారణ అవసరమైనచో ఫోను చేయవలదు. ఫోనుకు గడ్డము కనబడదు. దయచేసి ఒక మనిషిని పంపవలెను. ఆ మనిషి మా అమ్మ ఎదుట కుర్చీలో కూర్చుండి అడుగవలెను. భోజనము చేసి రావలదు. తినకుండ ఆమె వారిని పంపదు.

తమ నుండి ఉత్తరువు రానిచో నెలాఖరున నేను కౌంటరుకు పోయి, సగము వ్రాసిన సంతకమును పూర్తి చేసెదను. మా ఇంట ఎవరును లేరని వ్రాసి ఇచ్చి, ఉన్న మా అమ్మకు ఊపిరి కొనెదను. అట్లు చేయుదునని ఆమెకు చెప్పలేదు. తమకు మాత్రమే చెప్పుచున్నాను. పై సంగతులన్నియు నా ఎరుకలో సత్యములు. ఒక తల్లి ఊపిరి విషయమని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
గాస్పరె బుతెరా

జతపరచినవి: వైద్యుని ధ్రువపత్రము, నిలిపివేత నోటీసు, తమ కార్యాలయపు ఉత్తరము.

తాజా కలము: ఈ అర్జీని కవరులో పెట్టడానికి ముందు అమ్మకు చదివి వినిపించాను. ఆ చివరి సంతకం సంగతి ఒక్కటే దాటవేశాను. ఈ మధ్య దీపం వేసినా మీట పడిపోతోంది కాబట్టి దాన్ని ఆర్పి, బాల్కనీ తలుపు దగ్గర వెలుతురులో నిలబడి చదివాను. కళ్ళు మూసుకుని అంతా విన్నది. పెళ్ళికి అడిగిన సంగతి దగ్గర కొంచెం నవ్వింది. ఆఖరున 'తమ విధేయుడు' అనగానే గడ్డం పైకి లేచింది. ట్చ్.

"ఏమ్మా, తప్పు రాశానా?"

"అంతా బాగుంది. మీ మాస్టారు చూస్తే మెచ్చుకుంటాడు. ఆ చివరి మాట దేనికి?"

"అది పద్ధతమ్మా. అందరూ అలాగే రాస్తారు."

"మీ నాన్న దొర తోటలో అన్నేళ్ళు బాదం కాయలు రాల్చాడు. దొర ఎదురొస్తే నమస్కారం పెట్టేవాడు, టోపీ మాత్రం తీసేవాడు కాదు. మనం అడుగుతున్నది మన ఊపిరే కదరా. దానికి విధేయుడెందుకు?"

"అయితే కొట్టెయ్యమంటావా?"

అమ్మ బల్లవైపు చూసింది. మంచం మీద చూసింది. నా చొక్కా జేబు చూసింది. ఫోను కింది అంతస్తులో, వంటింటి సొరుగులో ఉందని చెప్పాను.

"అవును" అంది.

అక్టోబరు తర్వాత మా ఇంట్లో ఆ మాట వినపడటం ఇదే.

కొట్టివేతలున్న అర్జీ చెల్లదని మా అధ్యాపకుడు చెప్పేవాడు. మళ్ళీ శుభ్రంగా రాయడానికి వెలుతురు చాలదు. కాబట్టి ఆ మాటను తమరే తమ కలంతో కొట్టివేయవలెను. ఖాతాదారు సమ్మతి ఉంది. రికార్డు లేదు. ఎదురుగా నిలబడి విన్నవాణ్ణి నేను.